ఇరవై ఫోన్లకు ఒకే పీఓఈ స్విచ్: ఆరేళ్ల వాడకం తర్వాత

విజయవాడలో మాది చిన్న ఆడిటింగ్ కార్యాలయం, నెట్‌వర్క్ కేబుల్ మీద పనిచేసే 20 ఐపీ ఫోన్లు. ఆరేళ్ల కిందటి వరకు ఒక్కోదానికి ఒక అడాప్టర్. కరెంటు పోతే కంప్యూటర్లు యూపీఎస్ మీద నడిచేవి, ఫోన్లు మూగబోయేవి. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ కొన్నది అందుకే.

మొదటి స్విచ్ కొనడంలోనే బోల్తా పడ్డాను. 24 పోర్టులు, అన్నింటికీ పీఓఈ అని పెట్టె మీద పెద్దగా రాసి ఉంది. అన్నీ కలిపి 100 వాట్లే ఇస్తుందన్నది లోపలి కాగితంలో సన్నని అక్షరాల్లో ఉంది. మా ఫోన్లు క్లాస్ 2 రకం, అంటే స్విచ్ లెక్కలో ఒక్కోటి 7 వాట్ల వరకు కోరే తరగతి. మామూలుగా వాడేది మూడు వాట్ల లోపే అయినా ఆ స్విచ్ ఒక్కోదాని పేర 7 వాట్లు పక్కన పెట్టేసేది. 14 ఫోన్లు వెలిగాయి, ఆరు వెలగలేదు. దుకాణదారు మార్చి ఇస్తానన్నాడు గాని, మామూలు పీఓఈలో పోర్టుకు గరిష్ఠమైన 15.4 వాట్ల చొప్పున 24 పోర్టులకూ లెక్కగట్టి 370 వాట్లది అంటగట్టబోయాడు. నా లెక్క వేరు. ఫోన్లకు 140, మూడు వైఫై పెట్టెలకు 15.4 చొప్పున 46 పైచిలుకు. 190 వాట్లది తెచ్చాను, నేటికీ అదే నడుస్తోంది. నాలుగో వైఫై పెట్టెకు మాత్రం చోటు లేదు.

స్విచ్‌నూ రౌటర్‌నూ ఒకే యూపీఎస్‌కు కలిపాను. బయటి ఇంటర్నెట్ లైను వచ్చే ఫైబర్ పెట్టెను మరిచాను! కరెంటు పోయిన మొదటి రోజు ఫోన్లన్నీ వెలుగుతున్నాయి, బయటికి ఒక్క కాల్ పోదు. ఇన్నేళ్లలో యూపీఎస్ బ్యాటరీ రెండుసార్లు మార్చాను. స్విచ్‌లో ఫ్యాన్ల చప్పుడు భరించలేక దాన్ని ఫైళ్ల గదిలోకి తరలించాను.

గేటు దగ్గరి ఫోను 80 మీటర్ల దూరం. ఊరికే ఉన్నంతసేపు బాగానే ఉండేది, మోగగానే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. నెల రోజులు స్విచ్‌ను తిట్టుకున్నాను. తీరా కేబుల్ కోసి చూస్తే లోపల ఉన్నది రాగిపూత పూసిన అల్యూమినియం; మోగేటప్పుడు కావలసిన కరెంటు అంత దూరం దాంట్లో సరిగా అందదు. అసలైన రాగి కేబుల్ లాగించాక ఆ ఫోను మళ్లీ ఆరలేదు.

విచారమల్లా ఫోన్ల విషయంలోనే. చవకని 100 మెగాబిట్‌వి కొన్నాను. కంప్యూటర్ కేబుల్ ఫోను గుండానే పోతుంది కాబట్టి, అంతకు పదింతల వేగమున్న గిగాబిట్ స్విచ్ ఉండీ మా కంప్యూటర్లు ఆరేళ్లుగా ఆ 100 మెగాబిట్ వేగంతోనే ఈదుతున్నాయి.