సీరియలా, సినిమా సిట్టింగులా, సొంత ప్రొడక్షనా?

నెలకోసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అన్నా, సీరియల్‌కి డైలాగులు రాసే ఛాన్సొచ్చింది, చేరిపోనా? లేకపోతే ఏ డైరెక్టర్ ఆఫీసులోనైనా కూర్చోనా?" ఈమధ్య మూడో ప్రశ్న కూడా తోడైంది. "ఇవన్నీ ఎందుకు, మనమే ఏదైనా తీసేస్తే?"

మూడూ చేశాను కాబట్టి చెప్పగలను. పన్నెండేళ్లు సీరియళ్లకు రాశాను, మధ్యలో రెండు సినిమాల కథాచర్చల్లో కూర్చున్నాను, పోయినేడాది ఓ చిన్న వెబ్ సిరీస్‌కి నేనే నిర్మాతనయ్యాను.

సీరియల్ అన్నం పెడుతుంది. ఎపిసోడ్‌కి ఇంత అని లెక్క, నెల తిరిగేసరికి ఇంటద్దె వస్తుంది. బదులుగా మన పొద్దులన్నీ తీసుకుంటుంది. ఒకరోజు ఉదయం ఆరున్నరకి లొకేషన్ నుంచి ఫోన్: అత్తగారి వేషం వేసే ఆవిడకి జ్వరం, రాలేదు. ఆ రోజు సీన్లన్నీ ఆవిడ చుట్టూనే ఉన్నాయి. బ్రష్ నోట్లో ఉండగానే అత్తగారిని తిరుపతి పంపించేశాను. కోడలు ఫోన్లో ఆవిడతో మాట్లాడుతున్నట్టు సీను మార్చి, వాట్సాప్‌లో వాయిస్ పెట్టేశాను. తొమ్మిదింటికి షూటింగ్ మొదలైంది. ఆ ఒడుపు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ రాదు. గురువారం వచ్చే రేటింగ్స్ తగ్గితే మాత్రం మనం ఆరు నెలలుగా పెంచుకుంటూ వచ్చిన పాత్ర శుక్రవారానికల్లా యాక్సిడెంట్‌లో పోవచ్చు. దానికి మానసికంగా సిద్ధపడి ఉండాలి.

సినిమా సిట్టింగుల్లో గౌరవం ఎక్కువ, కబుర్లు ఇంకా ఎక్కువ. పదకొండు నెలలు ఒక కథ మీద కూర్చున్నాం. అడ్వాన్స్ మొదటి నెలే అయిపోయింది. హీరో డేట్లు కుదరక ఆ కథ బీరువాలోకి పోయింది. రెండోది రిలీజైంది. ఆఖర్న, జనం లేచి బండి తాళాలు వెతుక్కునేటప్పుడు, ఇంకో నలుగురితో కలిపి నా పేరు పైకి పోయింది. మా అమ్మ కోసం ఫోన్లో వీడియో తీద్దామనుకునేలోపే వెళ్లిపోయింది.

డబ్బు, పేరు, తీరిక... అందరూ ఈ మూడింటినే తూకం వేస్తారు. నా లెక్కలో తేల్చేది ఇవేవీ కావు, అగ్రిమెంటు కాగితం. నేను కథ, మాటలు రాసిన సీరియల్ ఒకటి కన్నడంలో రీమేక్ అయింది. ఆ సంగతి బెంగళూరులో ఉండే మా వదిన చెబితే తెలిసింది. "పేర్లు మార్చారు గానీ మరిదీ, ఆ పెళ్లి చెడిపోయే సీను నీదే." బీరువాలోంచి అగ్రిమెంటు తీసి చూశాను. అన్ని భాషల్లో, ఇప్పుడున్న, రాబోయే అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా హక్కులు వాళ్లవే. కింద నా సంతకం, భలే అందంగా ఉంది.

కాపీరైట్ చట్టం మరీ అంత దయలేనిదేం కాదు. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు చెప్పకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం చెప్పకపోతే ఇండియా వరకే. 2012 సవరణ ఇంకో మెట్టు ఎక్కింది. థియేటర్లో ఆట సంగతి వదిలేస్తే, సినిమాతోపాటు మన రాతని ఇంకెక్కడ వాడుకున్నా వచ్చే రాయల్టీలో మన వాటా వదులుకున్నామని రాయించుకోవడానికి వీల్లేదు. చట్టంలో ఉన్నది చేతికి అందడం వేరే కథ అనుకోండి. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి: ఆ చట్టం దృష్టిలో సినిమాకి కర్త నిర్మాతే.

అందుకే నాకు రచయిత, నిర్మాత గుణ్ణం గంగరాజు గారి దారి ఎప్పుడూ ఆసక్తిగా ఉంటుంది. 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా నడిచిన కామెడీ సీరియల్ 'అమృతం' ఆయన సొంత సంస్థ జస్ట్ ఎల్లోది. అదే సంస్థ 2003లో 'ఐతే' లాంటి చిన్న సినిమా కూడా తీసింది. 2020 ఉగాదికి అమృతం కొనసాగింపు జీ5 ఓటీటీలో వచ్చింది. పాత్రని పుట్టించినవాడే నిర్మాత కూడా అయితే, పదమూడేళ్ల తర్వాత దాన్ని నిద్రలేపడానికి ఎవరి గుమ్మం తొక్కక్కర్లేదు.

సొంత ప్రొడక్షన్ రాతని కూడా మారుస్తుంది. పన్నెండేళ్లుగా "రాత్రి, బస్టాండు, వర్షం" అని ఆలోచించకుండా రాసేవాణ్ని. నా సిరీస్‌లో ఆ మూడు ముక్కలకీ నేనే డబ్బు కట్టాను. నీళ్ల ట్యాంకర్లు రెండు, జనరేటర్, లైట్లు, తడిసిన ఆర్టిస్టులకి రెండో జత బట్టలు, అర్ధరాత్రి ముప్పైమందికి బిర్యానీ. తర్వాతి ఎపిసోడ్‌లో వర్షం కిటికీ అవతల శబ్దంగా మాత్రమే ఉంది. సీను కూడా అలాగే బాగుందన్నారు. పెట్టుబడి ఇంకా పూర్తిగా వెనక్కి రాలేదు, ఆ టెన్షన్ దాచడం ఎందుకు. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం ఈ పని చేయకండి.

యాడ్స్‌కి రాయడం, యూట్యూబ్ స్కిట్లు ఖర్చులకు పనికొస్తాయి, అంతే.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకైతే సీరియలే చెబుతాను, ఒక షరతుతో. మీకు బాగా ఇష్టమైన కథ ఒకటి ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టుకోండి. అది ఎప్పటికైనా మీరే సొంతంగా తీయడానికి. సిట్టింగులకి, ఆ డైరెక్టర్ పాత రచయితలకి డబ్బు సరిగ్గా ఇచ్చాడో లేదో కనుక్కున్నాకే వెళ్లండి.

మొన్న ఫోన్ చేసిన తమ్ముడికి ఇదంతా చెప్పి, అగ్రిమెంటు ఫొటోలు తీసి పంపమన్నాను. నాలుగు పేజీలు వచ్చాయి. సంతకాలకు ముందుండే ఐదో పేజీ పంపడం మర్చిపోయాడు. అసలు విషయమంతా అందులోనే ఉంటుంది, దానికోసమే చూస్తున్నాను.