షిర్డీ దాటి నాసిక్ ద్రాక్షతోటల దాకా

హైదరాబాదు నుంచి షిర్డీకి కారులో వెళ్లివచ్చిన బంధుమిత్రులు మాకు చాలామందే ఉన్నారు గానీ, దర్శనం అయ్యాక మరో 90 కిలోమీటర్లు ముందుకు వెళ్లి నాసిక్ ద్రాక్షతోటలు చూసినవారు ఒక్కరూ తగల్లేదు. ఫిబ్రవరిలో మావారూ నేనూ ఆ పని చేశాము. షోలాపూర్, అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)ల మీదుగా సాగే ఆ దారి ఒక్క రోజులో తీరుబడిగా తెమిలేది కాదు కనుక మొదటి రాత్రి షిర్డీలో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి నాసిక్ చేరాము.

యూరప్‌లో శరదృతువులో జరిగే ద్రాక్షకోత ఇక్కడ చలికాలంలో మొదలై మార్చి దాకా సాగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొమ్మలు కత్తిరించడం వల్ల కాయ వానలకు చిక్కకుండా పొడి వాతావరణంలో పండుతుంది. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఎరిగిన నాకు, వైన్ ద్రాక్ష చూడగానే చిన్నచూపే కలిగింది. బఠానీ గింజంత కాయ, దళసరి తొక్క, లోపల గింజలు. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఆ తొక్క నుంచే వస్తాయనీ, అందుకే రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారనీ, తెల్ల వైన్‌కైతే ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారనీ తెలిశాక ఆ కాయ మీద గౌరవం పెరిగింది.

గంగాపూర్ ఆనకట్ట దగ్గరి సులా ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన వైన్ తయారీ సంస్థ. రాజీవ్ సామంత్ స్థాపించిన ఈ సంస్థ తొలి వైన్ 2000లో వచ్చింది. తయారీని మొదటినుంచీ చూడాలంటే అక్కడికే వెళ్లాలి. అయితే నాకు ఎక్కువ నచ్చినది దాని పొరుగునే ఉన్న యార్క్ అనే మరో వైన్ తయారీ కేంద్రం. జలాశయం వైపు తెరుచుకున్న వసారాలో కూర్చుని, తెల్లవాటితో మొదలుపెట్టి ఎర్రవాటి దాకా ఒక్కొక్కటే రుచి చూశాము. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో దోరజామ వాసన తోచింది. షిరాజ్ అనే ఎర్ర వైన్ గుటక వేయగానే నేరేడుపండు తిన్నట్టు నాలుక పిడచకట్టింది. దానిని వర్ణించడానికి ఇంగ్లిషువాళ్లు ఎంత అవస్థపడతారో గానీ మనకు ‘వగరు’ అన్న ఒక్క మాట చాలు. రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర కూడా పెట్టారు. డబ్బిచ్చి కొన్నదాన్ని ఉమ్మడమేమిటని మావారు ఒక్క చుక్కా వదల్లేదు. ఉదయమే రోజంతటికీ డ్రైవరుతో బండి మాట్లాడుకోవడం ఎంత మంచిదయిందో అప్పుడు తెలిసింది. ఊరి నుంచి ఆటోలో వచ్చినవారు సాయంత్రం తిరుగు బండి దొరక్క గేటు దగ్గర పడిగాపులు పడ్డారు.

బస మాత్రం నిరాశపరిచింది. తోట కనిపించే గది అని అదనంగా వసూలు చేసి, కార్లు నిలిపే స్థలం మీదికి తెరుచుకునే కిటికీ ఇచ్చారు. తోట చూడాలంటే ఆ కిటికీలోంచి మెడ బయటికి చాచాలి. అడిగితే, శనివారం కదా, గదులన్నీ నిండిపోయాయన్నారు. మళ్లీ వెళ్తే మంగళ, బుధవారాలలోనే వెళ్తాము, గది ఊళ్లోనే తీసుకుంటాము. ఉదయం మిసల్ పావ్ కూడా అక్కడే బాగుంటుంది.

పక్క రాష్ట్రపు సీసాలు తెలంగాణలోకి తేవడానికి ఎక్సైజు నిబంధనలు అడ్డు కనుక వైన్ జోలికి పోకుండా, చివడా పొట్లాలు నాలుగూ ఎండుద్రాక్ష రెండు కిలోలూ కొని బయల్దేరాము.