రంగుల మట్టి పరీక్ష కిట్: విశాఖ మట్టికి ఎంతవరకు పనికొస్తుంది

బెండ మొక్క చిగురాకులు పసుపెక్కాయి. మందు కొట్టాలా, మట్టిని చూడాలా? ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపైతే మొక్కకి ఇనుము అందట్లేదు. ఈనెలే పసుపెక్కి మధ్య భాగం పచ్చగా ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులు. మొదటిదానికి పురుగుమందు దండగ, రెండోదానికి అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) దండగ. మిగతా సగం జవాబు మట్టి చెప్పాలి. ఆ పని ఇంట్లోనే అయిపోతుందంటూ విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికేదే ఈ రంగుల మట్టి పరీక్ష కిట్. ధర పరీక్షల సంఖ్యను బట్టి వందల రూపాయల నుంచి వేల దాకా ఉంటుంది.

ఇది ఏ ఒక్క కంపెనీ పెట్టె గురించో కాదు. పైన బొమ్మ మారినా లోపలి రసాయనాలు దాదాపు ఒకటే: పీహెచ్ (మట్టి పులుపా, క్షారమా చెప్పే అంకె) చూసే సూచిక ద్రావణం, భాస్వరానికి మాలిబ్డేట్, దానికి తోడు స్టానస్ క్లోరైడ్, పొటాష్‌కి మసక తెప్పించే ద్రావణం, నత్రజనికి ఒక సీసా, కొన్నిట్లో సేంద్రియ కర్బనానికి డైక్రోమేట్. కాబట్టి సీసా సీసాకీ విడిగా తీర్పు చెప్పడమే న్యాయం.

పెట్టె ఖరీదు గిట్టుబాటు అయ్యేది పీహెచ్ సీసా దగ్గరే. మట్టిని నీడలో ఆరబెట్టి, చెక్క రోకలితో మెత్తగా నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట పాటు మధ్యమధ్య గాజు కడ్డీతో కలుపుతూ ఉండాలి. పెట్టెలో ఇచ్చే చిన్న చెంచా కొలతని వదిలేసి వంటింటి డిజిటల్ తూకం వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు, కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులో కలుస్తాయి.

విశాఖ మట్టితో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. అది చివికి వచ్చిన ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడ్లు అంటిన సన్నటి బంకరేణువులు అరగంటకి కూడా అడుగుకి దిగవు. గొట్టంలో నీళ్లు పలచటి ఇటుక రంగులో ఉండిపోతాయి. సూచిక ద్రావణం 7 దగ్గర ఆకుపచ్చగా మారాలి. ఆ ఆకుపచ్చ ఈ ఇటుక రంగుతో కలిస్తే కంటికి మురికి పసుపుగా కనిపిస్తుంది, చార్టులో అది 6 పక్కన కూర్చుంటుంది. లేని పులుపుని చూసి సున్నం వేసేస్తారు, ఉన్న ఇనుము కూడా మొక్కకి అందకుండా పోతుంది. దీనికి విరుగుడు బేరియం సల్ఫేట్ అనే తెల్ల పొడి. చిటికెడు వేసి ఊపితే బంకరేణువులను పట్టుకుని కిందికి దిగుతుంది, పైన తేటనీరు మిగులుతుంది. ఇంకో పద్ధతిలో మట్టిని సూచికతో ముద్దలా కలిపి, పైన ఈ పొడి చల్లుతారు; రంగు తెల్లటి పొడిలోకి ఎక్కి శుభ్రంగా కనిపిస్తుంది. ఈ పొడి లేని కిట్ ఎర్రమట్టికి సగం కిట్టే. కొనేముందు అడిగి చూసుకోండి. లేకపోతే ఫిల్టర్ పేపర్‌లో రెండుసార్లు వడకట్టాలి.

రంగు పోల్చడం పగటి వెలుతురులో, కిటికీ పక్కన, గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టి చెయ్యాలి. ఎల్‌ఈడీ బల్బు కింద పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియకపోవచ్చు. ఇంత జాగ్రత్తగా చేసినా అర పాయింటు అటూ ఇటూ అవుతుంది. అయినా ఫరవాలేదు, తీసుకోవాల్సిన నిర్ణయాలకి అది చాలు: 5.5 కంటే తక్కువైతే సున్నం గురించి ఆలోచించాలి, 6 నుంచి 7.5 మధ్య ఉంటే ముట్టుకోకూడదు, 8 దాటితే ఇనుము, జింకు మట్టిలో ఉన్నా వేరుకి అందవు.

మిద్దె తోటల్లో ఈ 8 దాటడానికి తరచుగా కారణం కుండీలో మట్టి ఎక్కడిదన్నదే. పాత ఇల్లు పడగొట్టిన చోట తెచ్చిన మట్టిలో సిమెంటు, సున్నం ముక్కలు కలిసి ఉంటాయి. వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుస నురగ వస్తే సున్నం దండిగా ఉన్నట్టే. అలాంటి మట్టికి గంధకం వేసి పీహెచ్ దించాలని చూడకండి. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని బ్యాక్టీరియా, దానికి వారాలు పడుతుంది. పుట్టిన ఆమ్లాన్ని సున్నం ఎప్పటికప్పుడు మింగేస్తుంది. మట్టి మార్చడమే దారి. ఈలోగా మొక్క నిలబడాలంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చెయ్యండి, వారానికోసారి, రెండు మూడుసార్లు. కలిపిన నీళ్లు లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకి తిరిగితే ఆ ఇనుము ఇక మొక్కకి అందదు, పారబొయ్యాల్సిందే. (మట్టి కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. అది రక్షిత భూవారసత్వ స్థలం.)

భాస్వరం సీసా దగ్గర తీర్పు కొంచెం చిక్కు. ల్యాబుల్లో మట్టి స్వభావం చూసి మట్టిలోంచి భాస్వరాన్ని పిండే ద్రావణాన్ని ఎంచుకుంటారు. తటస్థ, క్షార నేలలకి ఓల్సెన్ 1954లో చెప్పిన పద్ధతి, అంటే 8.5 పీహెచ్ ఉన్న సోడియం బైకార్బనేట్. పులుపు నేలలకి బ్రే, కుర్ట్జ్ 1945లో ఇచ్చిన పద్ధతి, అంటే పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అమ్మోనియం ఫ్లోరైడ్. ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టేస్తాయి, ఆ పట్టు విడిపించేది ఫ్లోరైడే. కిట్‌లో ఉండేది ఒకే ద్రావణం, ఏదో చాలా కంపెనీలు కాగితం మీద రాయవు. ఆమ్ల ద్రావణం సున్నపు మట్టిలో పడితే అక్కడే నీరుగారిపోతుంది, ఉన్న భాస్వరం కూడా లేనట్టు చూపిస్తుంది. అందుకే ముందు పీహెచ్ చూడండి, తర్వాతే భాస్వరం. ఏ ద్రావణమో రాయని కిట్ 'తక్కువ' అని చెబితే, అది చూసి డీఏపీ (భాస్వరం ఉన్న ఎరువు) గుప్పించకండి.

ఇక గాలి సంగతి. స్టానస్ క్లోరైడ్ గాలి తగిలితే ఆక్సీకరణ చెంది చచ్చుబడిపోతుంది. మూత సరిగా బిగించకపోతే కొద్ది వారాల్లోనే పాడైపోతుంది, అప్పుడు ఏ మట్టి వేసినా భాస్వరానికి రావాల్సిన నీలం రాదు, అన్ని నేలల్లోనూ భాస్వరం లేదనే చెబుతుంది. ఇది పట్టుకోవడం తేలిక. ప్రతిసారీ మట్టి గొట్టం పక్కన ఇంకో రెండు గొట్టాలు పెట్టండి. ఒకదాంట్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో లీటరు నీటిలో చిటికెడు డీఏపీ కరిగించి అందులోంచి తీసిన కొన్ని చుక్కలు. మూడిట్లోనూ కిట్ ద్రావణాలు ఒకే లెక్కన వెయ్యండి. డీఏపీ గొట్టం చిక్కటి నీలానికి తిరగాలి, ఉత్త నీళ్లు రంగు లేకుండానే ఉండాలి. డీఏపీకీ నీలం రాకపోతే సీసా చచ్చిందని అర్థం. ఉత్త నీళ్లకే నీలం వస్తే గొట్టానికి సబ్బు అంటి ఉంది, లేదా నీళ్లు మంచివి కావు. రంగుని కాగితంలో చెప్పిన నిమిషాలకే చదవాలి, ఆ నీలం నిలవదు. చాలా కిట్ల కాగితాలు ఈ రెండు అదనపు గొట్టాల మాట చెప్పవు. దీని కోసం దుకాణంలో ఏమీ కొనక్కర్లేదు, పది నిమిషాల పని, మొత్తం పెట్టెని నమ్మాలో వద్దో ఇదే తేలుస్తుంది.

పొటాష్ పరీక్షలో రంగు ఉండదు, తెల్లటి మసక వస్తుంది. గొట్టం అడుగున ఉన్న గీత కనిపించకుండా పోయేంత మసక అయితే పొటాష్ ఎక్కువ అని లెక్క. ఆ మసకని అమ్మోనియం కూడా తెప్పిస్తుంది. యూరియా వేసిన వారానికో, పచ్చి పశువుల ఎరువు కలిపిన మర్నాడో పరీక్ష చేస్తే పొటాష్ పుష్కలంగా ఉందనే వస్తుంది. ఎరువు వేశాక కనీసం మూడు వారాలు ఆగండి. ఆకు అంచు మాడితే పొటాష్ లోపమేనని తేల్చేసే ముందు ఆకు తిరగేసి చూడటం కూడా మరవకండి. వంకాయలో, బెండలో అంచులు పసుపెక్కి, ఎర్రబడి, ఆకు డొప్పలా పైకి ముడుచుకుంటే అడుగున లేత ఆకుపచ్చ పురుగులు ఉంటాయి. వేలు దగ్గరకి తెస్తే పీతలా పక్కకి నడుస్తాయి. అది పచ్చదోమ. పొటాష్ లోపం ముందు ముదురాకుల అంచుల్లో కనిపిస్తుంది, కింద పురుగు ఉండదు.

నత్రజని సీసాని పక్కన పెట్టేయండి. చాలా కిట్లు చూసేది ఆ రోజుకి మట్టిలో ఉన్న నైట్రేటుని. ఒక పెద్ద వానకి అది కొట్టుకుపోతుంది, తడి మట్టిని ప్లాస్టిక్ సంచిలో రెండు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు దాన్ని మార్చేస్తాయి. అక్టోబరులో వాయుగుండం వెళ్లాక తీసిన నమూనాలో తక్కువ చూపిస్తే, నేల బలం పోయిందని అర్థం కాదు. ల్యాబులో చేసే క్షార పర్మాంగనేట్ పద్ధతి, సుబ్బయ్య, ఆసిజా 1956లో ఇచ్చింది, సేంద్రియ పదార్థంలోంచి తేలికగా విడుదలయ్యే నత్రజనిని కూడా కొలుస్తుంది. హెక్టారుకి 280 కిలోల లోపు తక్కువ, 560 దాటితే ఎక్కువ అనే కొలమానం ఆ పద్ధతిదే. కిట్ రంగుని ఆ అంకెతో పోల్చకూడదు. పైగా కిలోల లెక్క హెక్టారులో పైన 15 సెంటీమీటర్ల మట్టి 22.4 లక్షల కిలోలు అనే అంచనా మీద కట్టింది. కుండీకి ఆ అంకె దేనికీ పనికిరాదు. తక్కువ ఉందని యూరియా పోస్తే లేత చిగుళ్లు రసంతో నిండి పేనుబంక ముసురుతుంది, మళ్లీ మందు దుకాణానికి పరుగు.

సేంద్రియ కర్బనం సీసా విషయంలో రెండు అభ్యంతరాలు. డైక్రోమేట్ నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి తిరగడం చూసి కర్బనం లెక్క కడతారు. ఉప్పులోని క్లోరైడు కూడా డైక్రోమేట్‌ని ఖర్చు చేస్తుంది, కాబట్టి తీరం వెంబడి ఉప్పు మట్టిలో లేని కర్బనం ఉన్నట్టు వస్తుంది. ల్యాబులో సిల్వర్ సల్ఫేట్ వేసి దాన్ని అడ్డుకుంటారు, కిట్‌లో ఆ ఏర్పాటు ఉండదు. రెండోది ఇంకా ముఖ్యం: డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం, దానితో వచ్చేది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాలున్న పెట్టె వద్దే వద్దు.

ఈ పెట్టెల్లో పెద్ద లోటు ఏమిటంటే, చాలావాటిలో ఉప్పు కొలిచే సాధనమే ఉండదు. విశాఖలో తీరం దగ్గర బోరు నీళ్లు, కడగని కోకోపీట్, రెండూ ఉప్పుని మోసుకొస్తాయి. ఆకు కొసలు మాడిపోతే పురుగు కంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఈసీ పెన్ను (విద్యుత్ వాహకతని బట్టి ఉప్పు ఎంతుందో చెప్పేది) విడిగా కొనండి. 1 పాలు మట్టికి 2 పాళ్ల నీళ్లు కలిపి, తేరాక ముంచితే మీటరుకి 1 డెసీసీమెన్ లోపు ఉండాలి. పెన్ను సరిగ్గా చూపిస్తోందో లేదో తెలియడానికి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.7456 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగిస్తే 25 డిగ్రీల వద్ద 1.41 రావాలి. మట్టిలో గుచ్చితే పీహెచ్, తేమ, వెలుతురు చెబుతానని అమ్మే ముల్లు మీటర్ల జోలికి పోకండి. వాటి కాళ్లు రెండు వేర్వేరు లోహాలు, మధ్య పుట్టే కరెంటు తేమతో మారిపోతుంది. నీళ్లు పోసి మళ్లీ చూస్తే మట్టి 'మారిపోతుంది'.

కుండీలకి ఈ పెట్టెలోని పీహెచ్ సీసా, పక్కన ఈసీ పెన్ను ఉంటే రోజువారీ పని జరిగిపోతుంది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు కూరగాయల సాగు ఉన్నవాళ్లు మాత్రం ఈ డబ్బు పెట్టకుండా రైతు సేవా కేంద్రంలో అడిగి నమూనా ల్యాబుకి పంపించండి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలు ఉంటాయి. జింకు, బోరాన్, గంధకం కూడా వస్తాయి, ఇవి మామూలు రంగుల పెట్టెలో ఉండవు. గట్టుకీ చెట్టు నీడకీ ఎరువు కుప్పకీ దూరంగా, వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల ఆంగ్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా సమానంగా చెక్కాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. జింకు పూత బకెట్‌లో కలిపితే కార్డులో జింకు ఎక్కువ వస్తుంది, ఎరువు సంచిలో పోస్తే ఆ ఎరువులోని పోషకాలు ఎక్కువ వస్తాయి. ప్లాస్టిక్ టబ్బు, కొత్త గుడ్డ సంచి వాడండి.

కిట్టే కొనాలనుకుంటే దుకాణంలో పెట్టె విప్పి చూపించమనండి. తయారీ తేదీ సీసాల మీద ఉండాలి, అట్ట మీద ఒక్కటే ఉంటే చాలదు. మాలిబ్డేట్ సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. నీళ్లలా తేటగా ఉండాలి. లేత నీలం జీర కనిపించినా, అడుగున మడ్డి ఉన్నా ఆ పెట్టె వద్దని చెప్పి ఇంకోటి అడగండి.