జగదాంబలో మొదటి ఆట, ఇంట్లో రెండోసారి

సినిమాను ఇష్టంగా చూస్తూనే ప్రశ్నించాలంటే థియేటర్ మంచిదా, ఇంట్లో ఓటీటీ మంచిదా?

విశాఖలో థియేటర్ అంటే ముందు గుర్తొచ్చేది జగదాంబే. ఆ జంక్షన్‌కు పేరు కూడా ఆ హాలు వల్లే వచ్చింది. అక్కడ ఈలల మధ్య హీరో ఎంట్రీ చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఆనందాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కాకపోతే చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే మనమూ కొట్టేస్తాం. దేనికి కొట్టామో ఆలోచించే తీరిక ఉండదు.

ఇంట్లో ఆ ఊపు రాదు. మధ్యలో ఫోన్ మోగుతుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది. కానీ సీన్ ఆపి వెనక్కి వెళ్లొచ్చు. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’నే తీసుకోండి. హీరో క్లాసుకొచ్చి ప్రీతి అనే అమ్మాయి తనదని అందరికీ చెప్పేస్తాడు. ఆమెను మాత్రం అడగడు. అడగకుండానే బుగ్గ మీద ముద్దు కూడా పెడతాడు. హాల్లో అది హీరోయిజంలా తోస్తుంది. ఇంట్లో సౌండ్ తీసేసి ప్రీతి ముఖమే చూడండి. ఆ క్షణంలో ఆమె ఇష్టమేమిటో సినిమా పట్టించుకోలేదని తెలుస్తుంది. విజయ్ దేవరకొండ నటనను మెచ్చుకుంటూనే ఆ ప్రవర్తన తప్పని చెప్పొచ్చు. ఒకదాని కోసం రెండోది వదులుకోనక్కర్లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను థియేటర్‌కే వెళ్తాను, ఒంటరిగా మాత్రం కాదు. ఆట వదిలాక బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ వాదించే మనిషి పక్కనుండాలి. “ఆ అమ్మాయి స్థానంలో నేనుంటే ఏమనేవాడివి అన్నయ్యా?” అని చెల్లెలు అడిగే ప్రశ్న, ఇంట్లో ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా మనకు తట్టకపోవచ్చు.