పోర్ట్ లూయీలో ఒక్క పగలు

మా షిప్ మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆగింది ఉదయం ఎనిమిదింటికి. సాయంత్రం ఐదింటికల్లా మళ్ళీ ఎక్కేయాలి. మారిషస్ అనగానే అందరి మనసూ బీచ్ మీదే ఉంటుంది, షిప్‌లో అమ్మే టూర్లూ ఎక్కువగా అవే. మా పక్క క్యాబిన్ వాళ్ళు ఒకటి తీసుకున్నారు. సగం పూట బస్సులోనే గడిచిందట, మిగిలినదాంట్లో గంటసేపు ఏదో షాపులో కూర్చోబెట్టారట. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మేము ఊరు దాటి వెళ్ళలేదు. ఒక్క పగలే ఉన్నవాళ్ళకి నేను చెప్పేదీ అదే.

టెర్మినల్ నుంచి ఊళ్ళోకి పెద్ద దూరం లేదు కానీ, ఆ ఎండలో పెద్దవాళ్ళని నడిపించకండి. గేటు దగ్గర మొదటి టాక్సీ అతను అడిగినదాంట్లో సగానికే రెండో అతను వచ్చాడు. ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి, అదీ అక్కడి రూపాయల్లో.

ముందు ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్ళాం. బానిసత్వం పోయాక చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలని తెచ్చి దింపిన చోటు ఇది. 1834 నుంచి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. ఇప్పుడున్న రాతి కట్టడాలు 1849లో మొదలైన కూలీల డిపోవి, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. టికెట్ లేదు. పక్కనే మ్యూజియం ఉంది, ఏసీ కూడా ఉంది, అమ్మ అక్కడ కాసేపు కూర్చుంది. ఆదివారం మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

అక్కడ 16 రాతి మెట్లున్నాయి. ఓడ దిగినవాళ్ళు మొదట ఎక్కింది వాటినే. చూడ్డానికి మన చెరువు గట్టు మెట్లలా మామూలుగా ఉంటాయి. అమ్మ వాటిముందు చాలాసేపు నిలబడిపోయింది. మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. పక్కనే కోరంగి. ఆ రేవు నుంచి ఓడెక్కి వచ్చారనే ఇక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. 1839 తుఫానుకి దెబ్బతిన్న కోరంగి మళ్ళీ పెద్ద రేవుగా లేవలేదు, ఇప్పుడు అందరూ అక్కడికి వెళ్ళేది మడ అడవులు చూడ్డానికే. మా ముత్తాత తమ్ముడొకాయన ఓడెక్కి పోయి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ సంగతి అడిగితే, కూలీల రికార్డులు మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాయని, పేరు తెలిస్తే వెతకొచ్చని ఘాట్ మ్యూజియంలోని అమ్మాయి ఓపికగా చెప్పింది. మాకు పేరే తెలియదు.

అక్కడినుంచి సెంట్రల్ మార్కెట్ దగ్గరే. కడుపు నిండా తినాలంటే ఇక్కడే తినాలి. దాల్ పూరీ అంటే బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి. లోపల పప్పు పొడి, పైన చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చడి. జంటగా చుట్టి కాగితంలో పెట్టిస్తారు. మిరపకాయ గారెలు అచ్చం మన మసాలా వడలే. చివర్లో అలూదా తాగాలి, సబ్జా గింజలు, చైనా గ్రాస్ వేసిన చల్లటి పాలు. పైన బట్టలు, బొమ్మలు అమ్మే అంతస్తులో మాత్రం చెయ్యి పట్టుకుని లాగుతారు, అమ్మకి చిరాకేసింది.

కోడాన్ వాటర్‌ఫ్రంట్ శుభ్రంగా ఉంది, టాయిలెట్లు బాగున్నాయి. షాపింగ్ మన మాల్స్‌లాంటిదే. అక్కడి బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి చాలా అరుదైన రెండు తపాలా బిళ్ళలున్నాయి. రంగు వెలిసిపోకుండా అసలువాటికి గంటకి కొద్ది నిమిషాలే లైట్ వేస్తారు, మిగతా టైమ్‌లో కనిపించేవి నకళ్ళే. ఆ టైమ్ ముందే కనుక్కోకపోతే టికెట్ డబ్బు దండగ.

రాత్రి ఉండాలనుకునేవాళ్ళు ఈ ఊళ్ళో గది తీసుకోకండి. ఆఫీసులు మూశాక వీధులు ఖాళీ అయిపోతాయి. ఉత్తరాన గ్రాండ్ బే వైపు ఉండి పగలు ఇక్కడికి రావడం మేలు.

నాలుగున్నరకే షిప్ ఎక్కేశాం. రోమింగ్ బిల్లు పడుతుందన్నా వినకుండా అమ్మ తాళ్ళరేవులో మావయ్యకి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఓడెక్కి పోయిన ఆ తాతయ్య పేరేంట్రా?" అని అడిగింది. మావయ్యకీ తెలియదు. పెద్దత్తయ్యని అడిగి పొద్దున్నే చెప్తానన్నాడు.