భువనగిరి కోట: పైకి ఎక్కే ముందు దర్వాజ దగ్గర ఆగండి

హైదరాబాద్ నుంచి భువనగిరి దాదాపు యాభై కిలోమీటర్లు. బస్సులు చాలానే ఉన్నాయి, సికింద్రాబాద్ నుంచి రైలులోనూ రావచ్చు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది టికెట్ తీసుకుని నేరుగా గుట్ట ఎక్కేస్తారు. నాకైతే ఈ కోటలో అన్నిటికంటే చూడదగ్గవి కింద ఉన్న దర్వాజలే.

ఐదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల ఇది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) కట్టించిన కోటగా ప్రసిద్ధి. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు ఏలారు. ఆ మార్పులన్నీ దర్వాజల్లోనే కనిపిస్తాయి. మొదటి దర్వాజకు ఎత్తైన కమాను, ఇనుప బందోబస్తుతో బరువైన చెక్క తలుపులు ఉన్నాయి. ఇది తురుష్క పద్ధతి. మెట్లెక్కి రెండోదాని దగ్గరికి వెళ్తే కమాను ఉండదు. నిలువు రాళ్ల మీద అడ్డంగా రాతి దూలం. ఇది కాకతీయుల కాలం నాటి తీరు.

ఈ తేడా అందం కోసం వచ్చింది కాదు. అడ్డం పెట్టిన రాయి మధ్యలో బరువు పడితే విరుగుతుంది. అందుకే దూలం ఎంత పొడవు దొరికితే ద్వారం అంతే వెడల్పు. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బరువును రెండు పక్కల గోడలకు చేరవేస్తాయి కాబట్టి చిన్న రాళ్లతోనే పెద్ద ద్వారం కట్టొచ్చు. కింద నిలబడి పైకి చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. దారి కూడా నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే చోటే లేదు. 1708లో, మొఘలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న దాడి చేసింది ఈ భువనగిరి మీదే.

ఇంత చరిత్ర ఉన్న దర్వాజ దగ్గర నాలుగు మాటలు చెప్పే బోర్డు ఒక్కటీ నా కంటపడలేదు. తలుపు పక్క రాళ్ల మీద పేర్లు చెక్కిపోయారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పైన బాలాహిస్సార్ (శిఖరం మీది లోపలి కోట) శిథిలాలు, నీటి గుంటలు ఉన్నాయి, గాలి బాగుంటుంది. ఎండ మాత్రం బండ మీద నిప్పులు చెరుగుతుంది. పొద్దున్నే ఎక్కండి, నీళ్లు కిందే కొనుక్కోండి. వాన పడ్డ రోజు బండ జారుతుంది, పిల్లలతో అస్సలు వద్దు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ తీసుకున్నది ఈ బండ మీదే అని పిల్లలకు చెబితే ఉత్సాహంగా ఎక్కుతారు.

రాత్రి ఉండాలంటే భువనగిరి కంటే యాదగిరిగుట్ట నయం. దేవస్థానం గదులు, టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉన్నాయి. శని, ఆదివారాల్లో, కార్తీకంలో ముందే బుక్ చేసుకోకపోతే టెన్షన్ తప్పదు. టౌన్‌లో భోజనం మామూలే, వంక పెట్టేంత ఏమీ లేదు.

టైముంటే రాచకొండ కూడా చూడండి. రేచర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ల గోడలు, దూలాల ద్వారాలు అక్కడ ఇంకా దిట్టంగా ఉన్నాయి. కోట కట్టడం మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు నా ఓటు రాచకొండకే. కుటుంబంతో అయితే భువనగిరే మేలు. రాచకొండ కోట దగ్గర హోటల్ లేదు, సొంత బండి తప్పనిసరి, పొద్దుగూకక ముందే దిగిపోవాలి.