సముద్రం పక్కన చవగ్గా ఫ్లాట్ చూస్తున్నారా? ముందు మా సంగతి వినండి

మేము ఆ ఫ్లాట్ చూసింది టూరిస్టు సీజన్ మొదట్లో. ఉండటానికి వెళ్ళింది సీజన్ అయిపోయాక. మేము పడ్డ ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క తేడాలోంచే వచ్చాయి. రిటైరయ్యాక ఏడాదికి నాలుగైదు నెలలు సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో, తక్కువ ఖర్చులో గడుపుదామని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఊరి పేరు, అమ్మినవాళ్ళ పేరు రాయను, అడగొద్దు. ఇలాంటి ఊళ్ళు ఒకటీ రెండూ కావు.

చూడటానికి వెళ్ళిన రోజు ఊరు కళకళలాడుతోంది. గంటకో బస్సు, మందుల షాపు, రోజూ కూర్చునే డాక్టరు, అన్నీ నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయి. ధర మా బడ్జెట్‌లో సగం. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారని ఏజెంటుని అడిగితే, "చిన్న ఊరు కదా సార్" అన్నాడు. ఆ జవాబుతో సరిపెట్టుకున్నాను. ఉద్యోగమంతా లెక్కలు తనిఖీ చేస్తూ బతికినవాణ్ణి, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

జనం గోల వద్దు కాబట్టి సీజన్ లేని నెలలే మాకు కావాలి. రిటైరైన వాళ్ళలో చాలామంది ఇలాగే అనుకుంటారు. సామాను దించుతుంటే వాచ్‌మన్ వింతగా చూశాడు. "అందరూ వెళ్ళిపోయే టైముకి మీరు వచ్చారేంటి సార్?" అన్నాడు. ఆ సాయంత్రం కిందికి దిగి బిల్డింగ్ వైపు చూస్తే 24 ఫ్లాట్లలో మూడింట్లోనే లైట్లున్నాయి. మిగతావన్నీ పెట్టుబడికి కొని సీజన్‌లో రోజువారీ అద్దెకిచ్చే వాళ్ళవి. లిఫ్ట్ తలుపు మీద కాగితం అంటించి ఉంది: సీజన్ మొదలయ్యే వరకు ఆపేశాం అని. మాది మూడో అంతస్తు, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెయింటెనెన్స్ మాత్రం పన్నెండు నెలలకీ కట్టాలి. ఫ్లాట్ యజమానుల అసోసియేషన్ మీటింగ్‌లో ఈ సంగతి అడిగాను. ఇరవై ఒక్క ఓట్లు ఒకవైపు, మూడు ఓట్లు మావైపు. వాళ్ళ దృష్టిలో అది బిల్డింగ్ కాదు, సీజన్‌కి తెరిచే కొట్టు.

బస్సులు రోజుకి రెండయ్యాయి. మందుల షాపు షట్టర్ దించేశారు. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు, అదీ ఒక పూటే. ఒక తెల్లవారుజామున మా ఆవిడ ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, పిడికిలి బిగుసుకోవడం లేదంది. పక్షవాతమేమోనని నా గుండె జారిపోయింది. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతమైతే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఆ గడ్డని కరిగించే మందు ఇవ్వాలి. అది కూడా ముందు స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. స్కాన్ ఉన్న ఆసుపత్రికి కారు దొరికి మేము చేరేసరికి మూడు గంటలకి పైగా గడిచిపోయింది. దేవుడి దయవల్ల అది మెడ దగ్గర నరం నొక్కుకోవడం వల్లేనని తేలింది. దారి పొడవునా కారులో తను నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అమ్మేద్దామని ఆ రోజే అనుకున్నాం.

కాబట్టి ఆసుపత్రి ఎంత దూరం అని అడక్కండి. రాత్రి రెండు గంటలకి, సీజన్ లేని నెలలో, అక్కడికి తీసుకెళ్ళేది ఎవరు అని అడగండి. ఇంకో మాట, స్కాన్ మిషన్ ఉండటం వేరు, రాత్రిపూట దాన్ని నడిపే మనిషి ఉండటం వేరు.

బిల్డింగ్ సంగతి అసలు మోసం. కొనేటప్పుడు బాల్కనీ స్లాబ్ అడుగున కొత్త పెయింట్ మెరుస్తుంటే ముచ్చటపడ్డాను. రెండో నెలలో ఒక మధ్యాహ్నం అరచేతి మందాన పెచ్చు ఊడి, నేను రోజూ కూర్చునే కుర్చీలో పడింది. పైకి చూస్తే ఎర్రగా, పొరలు పొరలుగా చీలిన ఇనుప కడ్డీ. ఒక నాణెంతో అక్కడక్కడా కొట్టి చూశాను. గట్టిగా ఉన్నచోట టక్కుమంది, మిగతా చోట్ల డొల్ల చప్పుడు. ఆ డొల్ల చప్పుడు దాదాపు సగం బాల్కనీ అంతా వచ్చింది.

తర్వాత తెలుసుకున్నాను. సముద్రపు గాలిలో ఉండే ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి ఇంకి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపల్నుంచి కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికొస్తుంది. పైన పెయింట్ వేస్తే పగులు కనపడదు, పని మాత్రం లోపల సాగిపోతూనే ఉంటుంది. ఇంకా దారుణం ఏంటంటే, బాల్కనీలన్నీ రిపేరు చేయించాలని, ఫ్లాటుకి ఇంతని కట్టాలని అసోసియేషన్ మేము కొనడానికి ఎనిమిది నెలల ముందే తీర్మానం చేసింది. మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకంలో సంతకాలతో సహా ఉంది. అమ్మినాయనకి తెలుసు, ఏజెంటుకీ తెలుసు. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మా వంతు కట్టాక, ధరలో మిగిలిందనుకున్నదంతా పోయింది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో ఫ్లోరిడా తీరంలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల భవనం 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. కట్టి నలభై ఏళ్ళు. పెద్ద రిపేర్లు అవసరమని 2018లోనే ఒక ఇంజినీరు రిపోర్టు ఇచ్చాడు, ఆ ఖర్చు మీద యజమానుల మధ్య ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. కారణం ఉప్పు ఒక్కటేనని నేను అనడం లేదు. కానీ వాదనల భాగం చదువుతుంటే మా మీటింగులే గుర్తొచ్చాయి.

అందుకే కనీసం మూడేళ్ళ మినిట్స్, రిపేరు ఫండ్‌లో నిలవ ఎంత, బాకీలున్న ఫ్లాట్లెన్ని, ఈ మూడూ కాగితం మీద చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. "అవన్నీ ఎందుకు సార్" అన్నారంటే అక్కడే ఆగిపోండి. డబ్బులిచ్చి మీ సొంత ఇంజినీరుని తెచ్చుకోండి, ఏజెంటు చూపించిన ఇంజినీరుని కాదు.

తలుపు బందులు, తాళాలు, ఏసీ బయటి యూనిట్ కూడా త్వరగా పోతాయి. మా ఏసీ రేకులు వేలితో తాకితే పొడిగా రాలాయి. స్టెయిన్‌లెస్ అన్న మాటని కూడా నమ్మొద్దు. మామూలుగా వాడే 304 రకానికి తీరంలో గోధుమ రంగు మచ్చలు వస్తాయి, మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 కాస్త నయం.

ఇక నీళ్ళు. ఊరంతా బోర్ల మీదే ఆధారం. కొనేముందు కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని మరీ చూశాను, బాగానే ఉన్నాయి. కానీ తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే మంచినీటి మట్టం ఒక మీటరు పైనుంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు నిలుస్తుందని ఒక పాత లెక్క ఉంది. దాన్నే తిరగేసి చూడండి: తోడి తోడి ఆ మీటరు పోగొడితే అడుగునున్న ఉప్పునీరు ఆ 40 మీటర్లూ పైకి రావచ్చు. సీజన్ జనమంతా తోడుకుపోయాక మా వంతుకి మిగిలింది ఉప్పునీళ్ళే. మరగబెడితే ఉప్పు పోదు. చూడటానికి వెళ్ళేటప్పుడు నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకెళ్ళండి, అది కూడా సీజన్ చివర్లో వెళ్ళండి.

మేము సముద్రానికి ఐదు వీధుల అవతల ఉన్నాం, వరద భయం లేదనుకున్నాం. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువగా ఉంటుంది కదా. ఆ టైములో మురుగు కాలువ నోరు సముద్రం నీళ్ళ కింద మునిగి ఉంటుంది, వాన పడితే ఆ నీళ్ళు పోయే దారే ఉండదు. మా వీధిలో పిక్కల లోతు నీళ్ళు నిలిచింది తుఫానుకి కాదు, ఒక గంట మామూలు వానకి. గ్రౌండ్ ఫ్లోర్ గోడల మీద నీటి చార కనపడుతుందేమో చూడండి. ఏజెంటుని కాదు, ఆ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళని అడగండి.

బీమా ఉంది కదా అనుకోవద్దు. ఇల్లు వరుసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి డబ్బు ఇవ్వబోమనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మాదాంట్లో 60. మేము లేనప్పుడు వంటగదిలో పైపు జాయింటు వదులై, నీళ్ళు కింది ఫ్లాట్ సీలింగ్ దాకా వెళ్ళాయి. క్లెయిమ్ తిరగ్గొట్టారు. సీజన్ ఇల్లంటేనే ఖాళీగా ఉండే ఇల్లు, ఆ షరతు చదవకుండా సంతకం పెట్టింది నేనే. వెళ్ళేటప్పుడు మెయిన్ వాల్వ్ కట్టేయండి. తిరిగొచ్చిన రోజు కిటికీలు తెరిచి కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదిలేయండి. పైపుల్లో నెలల తరబడి నిలిచిన నీళ్ళలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు, షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. మన వయసు వాళ్ళకి ప్రమాదం ఎక్కువ.

నన్నడిగితే, అసలు కొనకముందు ఆ ఊళ్ళో అద్దెకుండండి, ఊరు ఖాళీ అయిపోయే నెలలోనే. నెల అద్దె దండగ అనిపిస్తుంది. ముందు అద్దెకుండి చూద్దామని మా ఆవిడ ఫ్లాట్ చూసిన రోజే అంది. ఫ్లాట్ వేరేవాళ్ళకి పోతుందేమోనని తొందరపడింది నేను.

ఇప్పుడు అమ్మకానికి పెట్టాం. "సీజన్ వరకు ఆగండి సార్, ఈలోపు బాల్కనీకి ఒక కోటు పెయింట్ కొట్టిద్దాం" అన్నాడు అదే ఏజెంటు. పెయింట్ వద్దన్నాను. లిఫ్ట్ ఆగిపోయే నెలల గురించి, బాల్కనీ తీర్మానం గురించి ముందే చెప్పి, మినిట్స్ కాపీ చూపించాకే మనుషుల్ని పైకి తీసుకురమ్మన్నాను. ఇంతవరకు ఎవరినీ తీసుకురాలేదు.